రెప్పలోని నూనెను కరిగించే లెన్స్: చెప్పడం తేలిక, చేయడం ఎందుకు కష్టం

కళ్లు పొడిబారాయని డాక్టర్ దగ్గరకు వెళ్లినవాళ్లకు చుక్కల మందుతో పాటు తరచూ ఇంకో సలహా కూడా దొరుకుతుంది: రోజూ రెప్పల మీద వేడి కాపడం పెట్టుకోండి. సరేనంటారు. నాలుగు రోజులు పెడతారు. గుడ్డను వేడినీళ్లలో ముంచడం, పిండడం, కళ్లు మూసుకుని కూర్చోవడం, అది చల్లారితే మళ్లీ ముంచడం. ఐదో రోజు ఆఫీసుకు టైమైపోతుంది, అంతటితో సరి.

ఈ తిప్పలన్నీ లేకుండా వేడిని నేరుగా కాంటాక్ట్ లెన్స్‌లోనే పెట్టేస్తే? పల్చటి లెన్స్, దానిలో కనబడని హీటర్, కళ్లు మూసుకుని పదీ పన్నెండు నిమిషాలు కూర్చుంటే పని పూర్తి. వినడానికి ఎంత సబబుగా ఉందంటే, ఇలాంటిది మెడికల్ షాపులో ఇప్పటికీ ఎందుకు దొరకడం లేదా అని అనుమానం వస్తుంది. దొరకకపోవడానికి కారణం డబ్బో బద్ధకమో కాదు. కన్ను కట్టుబడిలోనే ఒక పేచీ ఉంది. వేడి కావాల్సింది రెప్పకు, లెన్స్ కూర్చునేది కార్నియా మీద, అంటే నల్లగుడ్డును కప్పే పారదర్శక పొర మీద. ఈ రెండింటి మధ్య తగువు తీర్చడమే ఈ పరిశోధన మొత్తం.

నీళ్లు కారే పొడి కన్ను

పొడి కళ్ల జబ్బు అనే పేరు చాలామందిని తికమక పెడుతుంది. కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర, మంట, సాయంత్రానికి చూపు మసక, ఏసీ గాలి తగిలితే నస. అంతవరకూ పేరుకు తగ్గట్టే ఉంది. కానీ ఇదే రోగి ‘కళ్ల వెంట ఊరికే నీళ్లు కారుతున్నాయండీ’ అని కూడా అంటాడు. నీళ్లు కారుతుంటే పొడి ఎక్కడిది?

కంటి మీద నిరంతరం ఉండే కన్నీటి పొర ఏడుపు కన్నీరు లాంటిది కాదు. దాని మందం సుమారు 3 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యోవంతుకు మూడింతలు. అడుగున జిగురు కలిసిన నీరు, పైన అతి పల్చటి నూనె తెర. ఆ నూనె తెర లేకపోతే నీరు రెండు రెప్పపాట్ల మధ్యనే ఆవిరై, పొర అక్కడక్కడా చిట్లిపోతుంది. రెప్ప వేశాక పొర ఎన్ని సెకన్లు నిలుస్తుందో డాక్టర్ చూస్తాడు. పసుపు రంగు మందు వేసి, నీలి వెలుతురులో లెక్కపెడతాడు. పది సెకన్లలోపే చిట్లితే అనుమానించాల్సిందే. చిట్లిన చోట కార్నియా నరాలకు గాలి సోకి మెదడుకు ఫిర్యాదు వెళ్తుంది. అప్పుడు కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు కుమ్మరిస్తుంది. ఆ నీళ్లలో నూనె తక్కువ కాబట్టి అవి చెంప మీదికి జారిపోతాయే తప్ప కంటి మీద నిలవవు.

2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం టీఎఫ్ఓఎస్ ఇచ్చిన నిర్వచనం కూడా ఈ జబ్బును నీటి కొరతగా చూడదు. కన్నీటి పొర సమతుల్యం దెబ్బతినడమే జబ్బు అంటుంది. ఆ దెబ్బ రెండు రకాలుగా తగులుతుంది. నీరే సరిగా ఊరకపోవడం ఒకటి. షోగ్రెన్ సిండ్రోమ్ లాంటి జబ్బుల్లో ఇది కనిపిస్తుంది. ఊరిన నీరు నిలవకుండా ఆవిరైపోవడం రెండోది. చాలామందిలో రెండూ కొంత కొంత కలిసే ఉంటాయి. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏ రకమో తేల్చగలిగిన పొడి కళ్ల రోగుల్లో 86 శాతం మందికి నూనె గ్రంథుల లోపం కనబడింది. వేడి వైద్యానికి ఇంత గిరాకీ ఉండడానికి కారణం ఈ సంఖ్యే. నీరు ఊరనివాళ్లకు వేడి చేసే మేలు పెద్దగా ఉండదు, ఆ సంగతి ముందే చెప్పుకుంటే మంచిది.

రెప్ప అంచున నూనె గొట్టాలు

1666లో జర్మన్ వైద్యుడు హైన్‌రిక్ మైబోమ్ ఈ గ్రంథులను వివరంగా వర్ణించాడు. ఆయన పేరు మీదే వీటిని మీబోమియన్ గ్రంథులంటాం. పై రెప్పలో సుమారు 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. రెప్ప లోపల గట్టిగా తగిలే పలక లాంటి కణజాలం ఉంటుంది, దాంట్లో నిలువుగా, వరసగా పేర్చిన గొట్టాల్లా ఇవి ఉంటాయి. వీటి నోళ్లు రెప్ప అంచున, వెంట్రుకల వరసకు కాస్త వెనక తెరుచుకుంటాయి. రెప్ప వేసినప్పుడల్లా కండరం వీటిని నొక్కుతుంది, కొద్దిగా నూనె బయటికొచ్చి కన్నీటి మీద పరుచుకుంటుంది. కంప్యూటర్ ముందో ఫోన్ ముందో కూర్చున్నప్పుడు రెప్పపాట్లు బాగా తగ్గిపోతాయి. వేసినవి కూడా సగమే వేస్తాం. నూనె నొక్కేవాళ్లు లేక గొట్టంలోనే నిలిచిపోతుంది.

ఈ నూనె సంగతి చలికాలంలో డబ్బాలోని నెయ్యి లాంటిది. కొన్ని డిగ్రీల తేడాలోనే పారే ద్రవం కాస్తా గడ్డ అయిపోతుంది. ఆరోగ్యవంతుల్లో రెప్ప సహజ వేడికే, అంటే 33–35 డిగ్రీల దగ్గరే, ఇది చాలావరకు కరిగి ఉంటుంది. జబ్బు పడినవాళ్లలో నూనె కూర్పు మారి, కరిగే ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు పైకి జరుగుతుంది. రెప్పకు ఉండే వేడి చాలదు. నూనె చిక్కబడి టూత్‌పేస్ట్‌లా తయారవుతుంది, నోరు మూసుకుపోతుంది, వెనక ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే గ్రంథి కుంచించుకుపోయి కనుమరుగైపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో తీసే మీబోగ్రఫీలో ఈ ఖాళీలు స్పష్టంగా కనబడతాయి. అలా పోయిన గ్రంథిని ఎంత వేడి పెట్టినా తిరిగి తెప్పించలేం. కాబట్టి వేడి వైద్యం గ్రంథులు ఇంకా మిగిలి ఉన్నవాళ్లకే.

కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్లకు ఇక్కడ ఒక చేదు విషయం ఉంది. జపాన్‌లో రెయికో అరితా బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, లెన్స్ వాడేవాళ్లలో మీబోమియన్ గ్రంథులు తగ్గినట్టు తేలింది. లెన్స్ పెట్టగానే అసలే పల్చటి కన్నీటి పొర రెండుగా చీలిపోతుంది, లెన్స్ ముందు కొంత, వెనక కొంత. ముందున్న పొర త్వరగా ఆరిపోతుంది. అంటే ఏ వస్తువు వల్ల కళ్లు పొడిబారతాయని ఎంతోమంది మానేస్తున్నారో, ఆ వస్తువుతోనే పొడి కళ్లకు వైద్యం చేయబోతున్నాం. ఇది అసాధ్యమని కాదు గానీ, రోజంతా పెట్టుకునే వేడి లెన్స్ అనే మాట ఎక్కడైనా వినబడితే నాకు వెంటనే నమ్మకం కుదరదు.

కాపడం ఎక్కడ తేలిపోతుంది

గడ్డకట్టిన నూనె బాగా కరగాలంటే రెప్ప లోపలి వైపు 40 డిగ్రీల వేడి చేరి, కొన్ని నిమిషాల పాటు నిలవాలని పరిశోధకులు లెక్క కట్టారు. బయటి నుంచి కాపడం పెట్టేటప్పుడు ఆ వేడి చర్మం, కండరం, పలక దాటి లోపలికి వెళ్లాలి. దారిలో రక్తం ప్రవహిస్తూ వేడిని ఎత్తుకుపోతుంది. లోపల 40 రావాలంటే బయట 45 ఉండాలి. తడిగుడ్డేమో రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, అందుకే ప్రతి రెండు నిమిషాలకూ మార్చాలి. ఇంట్లో ఇంత శ్రద్ధగా చేసేవాళ్లు ఎందరు?

గుడ్డను ఇంకా వేడిగా పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటే, అది ప్రమాదం. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో కొలిచారు. 44 డిగ్రీల దగ్గర కాలడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. అక్కడి నుంచి 51 దాకా ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఆ సమయం దాదాపు సగమవుతూ వస్తుంది. 60 డిగ్రీలైతే ఐదారు సెకన్లు చాలు. రెప్ప చర్మం ఒంట్లో అన్నిటికంటే పల్చనిది. వైద్యానికి కావాల్సిన వేడికీ, కాలే వేడికీ మధ్య ఉన్న సందు నాలుగైదు డిగ్రీలే. పొయ్యి మీద కాచిన నీళ్లతో, చేతి అంచనాతో ఆ సందులో నిలబడడం కష్టం.

గ్రంథులు రెప్ప లోపలి తలానికే దగ్గర. వేడిని చర్మం వైపు నుంచి కాకుండా లోపలి వైపు నుంచి ఇస్తే దారి చిన్నదవుతుంది, తక్కువ వేడితోనే పని జరుగుతుంది. ఈ తర్కాన్ని అమెరికన్ ఆప్టోమెట్రిస్ట్ డొనాల్డ్ కోర్బ్ గట్టిగా పట్టుకున్నారు. ఆయన సహ వ్యవస్థాపకుడైన టియర్‌సైన్స్ కంపెనీ తెచ్చిన లిపిఫ్లో యంత్రానికి 2011లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 2017లో ఆ కంపెనీని జాన్సన్ అండ్ జాన్సన్ కొనుక్కుంది.

లిపిఫ్లోలో కంట్లో పెట్టే భాగాన్ని చూస్తే పెద్ద కాంటాక్ట్ లెన్స్‌లాగే ఉంటుంది. మామూలు లెన్స్‌లా నల్లగుడ్డును అంటుకోదు. తెల్లగుడ్డు మీద ఆనుకుని, కార్నియాకు తగలకుండా పైన గొడుగులా నిలుస్తుంది. హీటర్ దాని ముందు వైపున, రెప్పలకు ఎదురుగా ఉంటుంది. వెనక వైపు, కార్నియా దిక్కున, వేడి పోకుండా అడ్డు ఉంటుంది. రెప్పల బయట గాలితో ఉబ్బే చిన్న సంచి ఉండి, కరిగిన నూనెను లయగా నొక్కుతుంది. రెప్ప లోపలి తలాన్ని 42.5 డిగ్రీల దాకా వేడి చేస్తూ 12 నిమిషాలు నడుస్తుంది. తీగలతో యంత్రానికి కట్టేసి ఉంటుంది, ముందుగా తిమ్మిరి చుక్కలు వేస్తారు, ఒక్కో రోగికి కొత్త పరికరం వాడి పారేయాలి.

కాబట్టి వేడి లెన్స్ అనేది ఒక రకంగా పదేళ్లకు పైగా ఆసుపత్రుల్లో ఉంది. తీగలు తెంచి, చిన్నది చేసి, ఇంట్లో మనమే వాడుకునేంత భద్రంగా, చవకగా మార్చగలమా అన్నదే ఇప్పటి ప్రశ్న.

వేడి ఏ వైపు పోతుంది?

మామూలు మెత్తటి లెన్స్ మధ్యలో మిల్లీమీటర్‌లో పదో వంతు మందం ఉంటుంది. అంత పల్చటి దాంట్లో సన్నటి తీగ పెట్టి కరెంటు పంపితే పుట్టిన వేడి ముందుకూ వెనక్కూ దాదాపు సమానంగా బయల్దేరుతుంది. ముందున్న రెప్పలో రక్తనాళాలు దండిగా ఉన్నాయి, వచ్చిన వేడిని రక్తం ఎప్పటికప్పుడు మోసుకుపోతుంది. వెనకున్న కార్నియాలో రక్తనాళాలు అసలు లేవు. అద్దంలా పారదర్శకంగా ఉండాలంటే అవి ఉండకూడదు కూడా. అందుకే ఇద్దరికీ సమానంగా వేడి పంచితే చల్లగా ఉండాల్సిన కార్నియానే ముందు వేడెక్కుతుంది, వేడెక్కాల్సిన రెప్ప వెనకబడుతుంది. పల్చటి మెత్తటి లెన్స్ మీద హీటర్ అచ్చేసిన ఫొటోలు చూసినప్పుడు నేను మొదట వెతికేది వెనక వైపు అడ్డు ఏముందని.

కార్నియా వేడెక్కితే ఏమవుతుంది? కార్నియాకు గట్టిదనమిచ్చే కొలాజెన్ అనే ప్రొటీన్ కుంచించుకుపోవడానికి 55–65 డిగ్రీలు కావాలి, అక్కడి దాకా ఎవరూ వెళ్లరు. కానీ అంతకంటే తక్కువలోనే చిక్కులున్నాయి. వేడికి కణాల ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. రక్తం లేని కార్నియాకు ఆక్సిజన్ ప్రధానంగా గాలి నుంచే రావాలి, దానికి లెన్స్ ఒక అడ్డు, మూసిన రెప్ప ఇంకో అడ్డు. వేడి కాపడం పెట్టి, వెంటనే కంటిని గట్టిగా రుద్దినవాళ్లలో కార్నియా ఆకారం తాత్కాలికంగా మారి చూపు మసకబారిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మెత్తబడిన కార్నియాను నొక్కకూడదన్నమాట. ఏడాదికి ఒకసారి ఆసుపత్రిలో 12 నిమిషాలు ఒక లెక్క, రోజూ ఇంట్లో పదేళ్ల పాటు ఇంకో లెక్క.

తీగ బదులు వెలుతురుతో వేడి చేయొచ్చు. లెన్స్‌లో నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చుకునే సూక్ష్మ కణాలు కలిపి, బయటి నుంచి ఆ కాంతి పంపితే లెన్స్ వేడెక్కుతుంది. తెలివైన ఉపాయమే. కానీ పీల్చుకోగా మిగిలిన కాంతి కంట్లోకి పోతుంది. గాజు ఊదేవాళ్లకు, కొలిమి దగ్గర ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లకు శుక్లాలు వచ్చేవని కంటి వైద్యానికి చాలాకాలంగా తెలుసు. దానికి కారణం ఆ వేడి కిరణాలే.

కొలతల పేచీ దీనికంటే మొండిది. మెత్తటి లెన్స్ అడ్డకొలత 14 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. రెప్ప పొడవు సుమారు 30. నూనె గ్రంథులు ఆ పొడవంతా పరుచుకుని ఉంటాయి. కన్ను మూసినప్పుడు కిందికి దిగేది పై రెప్పే, కింది రెప్ప పెద్దగా కదలదు. లెన్స్ అంచును కొద్దిగా కప్పుతుందంతే, దాని గ్రంథులు అంతకంటే కిందుగా ఉంటాయి. అంటే మామూలు సైజు లెన్స్ వేడి పై రెప్ప మధ్య భాగానికి చేరుతుంది; ముక్కు వైపు, చెవి వైపు ఉన్న గ్రంథులకూ, కింది రెప్పలో చాలా వాటికీ చేరదు. అన్నిటికీ చేరాలంటే లెన్స్ పెద్దదవ్వాలి, తెల్లగుడ్డు మీద కూర్చునే స్క్లీరల్ లెన్స్ ఆకారం రావాలి. కోర్బ్ యంత్రం ఆ ఆకారంలో ఉండడం యాదృచ్ఛికం కాదు.

ఇక కరెంటు. లెన్స్‌ను, దాన్ని ఆనుకున్న రెప్పను ఏడు డిగ్రీలు పైకి తీసుకెళ్లి అక్కడే నిలపడానికి, రక్తం తోడేసే వేడిని కలుపుకుని మోటుగా లెక్కేస్తే ఒక్కో కంటికి వాట్‌లో పదో వంతు అవసరం. చిన్న సంఖ్యలాగే ఉంటుంది. అయితే లెన్స్‌లో పెట్టే సెన్సార్లు వాడేది అందులో వెయ్యో వంతో, ఇంకా తక్కువో. సెన్సార్ లెన్సులే ఎంత ఏడిపించాయో చూశాం. కన్నీటిలో చక్కెర కొలిచే లెన్స్ తెస్తామని గూగుల్ 2014లో ప్రకటించింది. కన్నీటి చక్కెరకూ రక్తంలో చక్కెరకూ నమ్మదగిన పొంతన కుదరక 2018లో ఆ పని ఆగిపోయింది. లెన్స్‌లోనే తెర పెట్టాలనుకున్న మోజో విజన్ కంపెనీ 2023 జనవరిలో ఆ ప్రయత్నాన్ని పక్కనపెట్టింది. వాటి కష్టాలు వేరు, వేడి లెన్స్ కష్టాలు వేరు, నిజమే. కానీ 14 మిల్లీమీటర్ల తడి వస్తువులో ఎలక్ట్రానిక్స్ బతికించడం ఎంత ఖరీదైన పనో అవి చూపించాయి.

పన్నెండు నిమిషాలకు సరిపడా శక్తినిచ్చే బ్యాటరీ లెన్స్‌లో పట్టదు. బయటి నుంచి, వైర్‌లెస్ చార్జింగ్ లాగా తీగచుట్టతో పంపాలి. ఆ చుట్ట కంటికి దగ్గరగా ఉండాలి కాబట్టి కళ్లజోడో, కళ్లకు కట్టే పట్టీనో తప్పదు. కళ్లకు పట్టీ ఎటూ కడుతున్నప్పుడు హీటర్‌ను అందులోనే పెట్టేయొచ్చు కదా?

కొరియావాళ్లు తీసుకున్న దారి

దక్షిణ కొరియాలోని యొన్సెయ్ విశ్వవిద్యాలయంలో జాంగ్-ఉంగ్ పార్క్ బృందం అచ్చం అదే చేసింది. 2021లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో వచ్చిన వాళ్ల పనిని కొందరు ‘వేడి లెన్స్’ అని చెప్పుకుంటారు గానీ, వాళ్ల లెన్స్ వేడెక్కదు. అది కొలుస్తుంది. కంటి పైపొరలో మంట పెరిగినప్పుడు కన్నీటిలో ఎంఎంపీ-9 అనే ఎంజైమ్ పెరుగుతుంది. గ్రాఫీన్ ట్రాన్సిస్టర్ ఉన్న మెత్తటి లెన్స్ ఆ ఎంజైమ్ ఎంతుందో పసిగట్టి ఫోన్‌కు పంపుతుంది. ఫోన్ చెప్పగానే రెప్ప మీద అతికించిన, సాగే గుణమున్న పారదర్శక పట్టీ వేడెక్కుతుంది. జంతువుల్లోనూ, కొద్దిమంది మనుషుల్లోనూ పరీక్షించారు.

నాకు ఇందులో నచ్చింది పని పంపకం. లెన్స్ ఎక్కడైతే మేలో అక్కడ, అంటే కన్నీటిని తాకుతూ కొలిచే పనిలో పెట్టారు. వేడిని కంటి బయటే ఉంచారు. కాపడంలో అసలు లోపం ఏమిటి? చల్లారిపోవడం, ఎంత వేడిగా ఉందో తెలియకపోవడం, ఎప్పుడు పెట్టాలో తెలియకపోవడం. అతుక్కుపోయే పట్టీ మొదటి రెండూ తీరుస్తుంది, లెన్స్ మూడోది తీరుస్తుంది. బయటి నుంచి వేడి లోపలికి వెళ్లడంలో నష్టం మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని సమయంతో పూడ్చుకోవాలి.

జపాన్‌లోని తొహొకు విశ్వవిద్యాలయంలో మత్సుహికో నిషిజవా బృందం 2019లో ఇంకో వైపు నుంచి వచ్చింది. లెన్స్‌లో చిన్న కరెంటు ప్రవాహం పుట్టించి, దాని వల్ల కింది రెప్ప వెనకున్న తడి లెన్స్‌లోకి ఎక్కేలా చేశారు. వేడి ఊసే లేదు. పొడిబారే లెన్స్ తన తడి తానే తెచ్చుకోవాలన్నది వాళ్ల ఆలోచన. లెన్స్ వాడేవాళ్ల ఇబ్బందికి ఇది సూటిగా తగిలే ఉపాయం. నూనె గడ్డకట్టిన రోగికి మాత్రం ఇది కుదరదు.

నొప్పి అనే కాపలాదారు

వేడి పరికరాన్ని ఇంట్లో రోగి చేతికిచ్చేటప్పుడు అతి ముఖ్యమైన ప్రశ్న, ఎప్పుడు ఆగాలో దానికి ఎలా తెలుస్తుంది? కార్నియా నిండా నరాలు. వాటిలో కొన్నింటి మీద టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్ ఉంటుంది. దాదాపు 43 డిగ్రీల దగ్గర అది మేల్కొని నొప్పి కబురు పంపుతుంది. మిరపకాయ కారానికి మేల్కొనేది కూడా ఇదే ప్రొటీన్. పచ్చడికి మిరపకాయలు తొక్కి అదే చేత్తో కన్ను నలుపుకున్నవాళ్లకు దీన్ని వేరే పరిచయం చేయనక్కర్లేదు. దీన్ని కనుగొన్నందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

ఆసుపత్రిలో తిమ్మిరి చుక్కలు వేయడంతో ఈ కాపలా నిద్రపోతుంది. అక్కడ పర్వాలేదు, యంత్రంలో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాట్లున్నాయి, పక్కన మనిషి ఉంటాడు. ఇంటికి తిమ్మిరి చుక్కలు ఇవ్వరు, ఇవ్వకూడదు. పదే పదే వేసుకుంటే కార్నియా పాడవుతుంది. కాబట్టి ఇంటి లెన్స్ తిమ్మిరి లేకుండానే భరించగలిగేలా ఉండాలి. అదే దానికి ఒక భద్రత కూడా. అయితే పాత పొడి కళ్ల రోగుల్లో, ఏళ్లుగా చక్కెర జబ్బు ఉన్నవాళ్లలో కార్నియా స్పర్శ మందగించి ఉండొచ్చు. నొప్పినే నమ్ముకుంటే వాళ్లకు మొదట కాలుతుంది, తర్వాత తెలుస్తుంది. హీటర్ తనంతట తానే తగ్గాలి. వేడెక్కేకొద్దీ నిరోధం పెరిగి కరెంటును తానే అడ్డుకునే పదార్థాలు ఇప్పటికే వేరే పరికరాల్లో వాడుతున్నారు. సాఫ్ట్‌వేర్ చెడిపోయినా, ఫోన్ హ్యాంగ్ అయినా 43 దాటని పదార్థంతో చేసిన హీటర్ ఉంటే, నన్నడిగితే అదే ఈ రంగంలో అసలు మలుపు.

వేడి చాలుతుందా?

కరిగించడం సగం పని, బయటికి తీయడం మిగతా సగం. ఆసుపత్రి పరికరాలన్నీ ఏదో ఒక రూపంలో నొక్కుతాయి. లిపిఫ్లో గాలి సంచితో, ఆల్కాన్ వారి ఐలక్స్‌లో డాక్టర్ చేతి ఒత్తిడితో. టియర్‌కేర్ మాత్రం రెప్పల మీద పట్టీలు అంటించి, మామూలుగా రెప్పలు వేస్తూ ఉండమంటుంది, తర్వాత డాక్టర్ పట్టకారుతో పిండుతాడు. కంట్లో లెన్స్ ఉండగా బయటి నుంచి మనమే నొక్కుకోవడం మంచిది కాదు, కార్నియా వేడి మీద ఉంటుంది. గట్టిగా, పూర్తిగా రెప్పలు వేయడమే ఇంటి లెన్స్‌కు మిగిలే దారి. తేలికపాటి అడ్డంకులకు అది చాలొచ్చు. మైనంలా గట్టిపడినవాటికి చాలదు.

అసలు లిపిఫ్లో సంగతే చూద్దాం. దాని మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2024లో, వైద్య ఆధారాలను తూచి చూసే కాక్రేన్ సంస్థ సమీక్ష వచ్చింది. వేడి కాపడం లాంటి ఇతర చికిత్సల కంటే ఇది కచ్చితంగా మెరుగని చెప్పగల బలమైన ఆధారాలు అందులో దొరకలేదు. అంటే యంత్రం పనికిరాదని అర్థం కాదు. చాలామందికి ఉపశమనం వచ్చింది, శ్రద్ధగా కాపడం పెట్టుకున్నవాళ్లకూ వచ్చింది. లోపలి నుంచి వేడి అనే అందమైన తర్కం రోగుల కళ్లలో అంత తేడాగా కనబడలేదంతే. వేడి లెన్స్ చేసేవాళ్లు మింగలేని నిజం ఇదే అనుకుంటాను. వాళ్లు పోటీ పడాల్సింది లిపిఫ్లోతో కాదు, వేడిని సమంగా నిలిపే కళ్ల మాస్కుతో.

మందులూ ఊరుకోలేదు. కన్నీరు ఆవిరి కాకుండా పైన తెరలా నిలిచే పర్‌ఫ్లూరోహెక్సైల్ఆక్టేన్ చుక్కలకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెప్ప వెంట్రుకల మొదళ్లలో చేరే డెమోడెక్స్ పురుగులను చంపే లోటిలానర్ చుక్కలు కూడా అదే ఏడాది వచ్చాయి. గ్రంథి నోరు మూసుకుపోవడానికి కొందరిలో ఈ పురుగులే కారణం. వాళ్లకు ఎంత వేడి పెట్టినా జబ్బు మళ్లీ మొదటికొస్తుంది.

మన దగ్గర సంగతి. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లక్షలాది రోగుల ఎలక్ట్రానిక్ రికార్డులను జల్లెడ పట్టి 2019లో ఇచ్చిన విశ్లేషణలో, పొడి కళ్లు పట్టణవాసుల్లో, ఆర్థికంగా మెరుగ్గా ఉన్నవాళ్లలో ఎక్కువగా కనబడ్డాయి. గచ్చిబౌలి ఏసీ అద్దాల గదుల్లో రెండు స్క్రీన్ల ముందు కూర్చునేవాళ్లకు ఇది వింతగా ఉండదు. వేడి లెన్స్ ఇక్కడికి వస్తే మొదటి గిరాకీ వాళ్లదే. కానీ మన ఆసుపత్రుల్లో కనిపించే అతి తీవ్రమైన పొడి కళ్లు వేరే రకం. మందుల రియాక్షన్‌తో వచ్చే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ తర్వాత కన్నీటి వ్యవస్థే ధ్వంసమైపోతుంది. వాళ్లకు వేడి పనికిరాదు. అయితే ద్రవాన్ని నింపుకుని కార్నియాకు గొడుగు పట్టే స్క్లీరల్ లెన్స్ వాళ్లకు ఇప్పటికే చూపునూ ఊరటనూ ఇస్తోంది. వేడి లెన్స్‌కు కావాల్సిన ఆకారం కూడా ఇదేనని పైన చూశాం. ఆ లెన్సులను ఒక్కో కంటికి కొలత తీసి అమర్చే నైపుణ్యం మన దగ్గర ఉండడం చిన్న విషయం కాదు.

నా అంచనా చెప్పమంటే, మొదట బజారుకొచ్చేది రోజంతా పెట్టుకునే మెత్తటి లెన్స్ కాదు. కళ్లు మూసుకుని పావుగంట పెట్టుకుని తీసేసే పెద్ద గిన్నె ఆకారపు లెన్స్, వెనక అడ్డు, ముందు హీటర్, బయట ఒక పట్టీ, బహుశా సన్నటి తీగ కూడా. దాన్ని ప్రతిసారీ శుభ్రం చేయాలి, కుళాయి నీళ్లు తగలనివ్వకూడదు, ఎందుకంటే ఆ నీళ్లలో ఉండే అకాంతమీబా కార్నియాను తినేస్తుంది. వాడి పారేసేదైతే నెలకు ఎన్ని కొనాలన్న లెక్క మొదలవుతుంది. చల్లారని మాస్కును రోజూ పది నిమిషాలు సరిగ్గా పెట్టుకున్న రోగులను ఒక వైపు, ఈ లెన్స్ వాడిన రోగులను ఇంకో వైపు పెట్టి, ఆరు నెలల తర్వాత గ్రంథులనూ కన్నీటి పొర నిలిచే సెకన్లనూ కొలిచిన పరీక్ష వచ్చేదాకా నేనైతే మాస్కుతోనే సరిపెట్టుకోమంటాను. అదీ ఒకసారి డాక్టర్‌తో మీబోగ్రఫీ చేయించుకుని, కరిగించడానికి గ్రంథులు మిగిలున్నాయో లేదో చూసుకున్నాకే.